బోర్యే సాల్మింగ్: ఐస్ హాకీలో యూరప్ ఆటగాళ్ళకి దారి వేసిన మనిషి (తరచుగా అడిగే ప్రశ్నలు)

టొరంటో చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో క్రికెట్ బ్యాట్ పక్కన హాకీ స్టిక్ కూడా కనిపించే రోజులొచ్చాయి. పిల్లలు స్కూల్లో మేపుల్ లీఫ్స్ గురించి విని ఇంటికొస్తారు, అమ్మానాన్నలకి ఆ ఆట కొత్త. అలా ఐస్ హాకీ చూడటం మొదలుపెట్టినవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సిన పేర్లలో బోర్యే సాల్మింగ్ ఒకటని నా గట్టి అభిప్రాయం. గోల్స్ లెక్క చూస్తే అతనికంటే పెద్ద పేర్లు చాలానే ఉన్నాయి. కానీ పరాయి దేశం వచ్చి, నానా దెబ్బలూ తిని, మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోకుండా నిలబడి, తన వెనక వచ్చేవాళ్ళకి దారి వేసినవాడు అతను. అతని గురించి ఎక్కువగా వినిపించే ప్రశ్నలకి నాకు తెలిసిన జవాబులు ఇవి.

బోర్యే సాల్మింగ్ ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

స్వీడన్ దేశపు డిఫెన్స్‌మన్. ఉత్తర అమెరికాలో అతి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 1973 నుంచి 1989 దాకా 16 సీజన్లు టొరంటో మేపుల్ లీఫ్స్‌కి, ఆ తరవాత ఒక సీజన్ డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కి ఆడాడు. యూరప్‌లో ఆట నేర్చుకుని వచ్చి ఆ లీగ్‌లో పెద్ద స్టార్ అయిన మొదటివాడు. 1951 ఏప్రిల్ 17న పుట్టాడు, 2022 నవంబర్ 24న 71 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఐస్ హాకీ మాకు అస్సలు తెలియదు. ఈ పేజీ అర్థం కావాలంటే ఎంత తెలిస్తే చాలు?

ఎక్కువేం అక్కర్లేదు. మంచు రింక్ మీద స్కేట్లు వేసుకుని జట్టుకి ఆరుగురు ఆడతారు. ఒక గోలీ, ఇద్దరు డిఫెన్స్‌మెన్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒక్కోటి 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. బంతి ఉండదు, గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్ని పక్ అంటారు. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు. ఆ గోల్‌కి ముందు పక్ అందించినవాళ్ళకి, ఇద్దరి వరకు, అసిస్ట్ కింద తలా ఒక పాయింటు ఇస్తారు.

ఇక ముఖ్యమైన సంగతి. పక్ ఉన్నవాడిని భుజంతోనో తుంటితోనో గట్టిగా గుద్ది తప్పించడం ఈ ఆటలో తప్పు కాదు. దాన్ని బాడీ చెక్ అంటారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అయితే ఇద్దరు గ్లవ్స్ కింద పడేసి పిడిగుద్దులకి దిగినా సాధారణంగా ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుని మళ్ళీ ఆటలోకి వచ్చేస్తారు. 1970లలో ఇది ఇప్పటికంటే చాలా ఎక్కువ. సాల్మింగ్ కథకి ఇదే పునాది.

డిఫెన్స్‌మన్ మొదటి పని అవతలివాళ్ళని గోల్ దగ్గరికి రానివ్వకపోవడం. మంచి డిఫెన్స్‌మన్ అయితే దాంతో ఆగడు. పక్ లాక్కుని, తనే ముందుకి తీసుకెళ్ళి, దాడిని మొదలుపెడతాడు. సాల్మింగ్ రెండో రకం.

ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి యూరోపియన్ అతనేనా?

కాదు. చాలాచోట్ల అలా రాసేస్తుంటారు కాబట్టి ఇది స్పష్టంగా చెప్పాలి. యూరప్‌లో తయారై ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టిన మొదటి ఆటగాడు ఉల్ఫ్ స్టెర్నర్. ఇతనూ స్వీడన్‌వాడే. 1965 జనవరిలో న్యూయార్క్ రేంజర్స్‌కి నాలుగు మ్యాచ్‌లు ఆడాడు, అంతే. ప్రతిభ లేక కాదు. అప్పటికి అంతర్జాతీయ నిబంధనల్లో రింక్ అంతటా బాడీ చెక్ చేయడానికి వీల్లేదు, దాడి చేసే వైపు గుద్దుకోవడం నిషేధం. ఆ నిబంధన 1969లో గానీ మారలేదు. అలాంటి ఆటలో పెరిగినవాడిని తీసుకెళ్ళి ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తరవాత 1972-73లో టోమీ బెర్గ్‌మన్ అనే స్వీడిష్ డిఫెన్స్‌మన్ డెట్రాయిట్‌కి ఆడాడు. సాల్మింగ్ వచ్చింది ఆ మరుసటి సీజన్‌లో. వరస ప్రకారం అతను మొదటివాడు కాడు. కానీ స్టెర్నర్ నాలుగు మ్యాచ్‌లకి వెనుదిరిగిన చోట ఇతను 17 సీజన్లు ఉన్నాడు. వచ్చిన మొదటివాడికంటే ఉండిపోయిన మొదటివాడే ఎక్కువ మార్చాడని నేను నమ్ముతాను.

ఎక్కడ పుట్టాడు? ఎలా పెరిగాడు?

స్వీడన్ పటంలో పైకి, ఇంకా పైకి వెళ్ళండి. ఆర్కిటిక్ వలయం దాటాక కిరునా అనే ఇనుప గనుల ఊరు వస్తుంది. ఆ ప్రాంతంలోనే టోర్నెత్రెస్క్ సరస్సు ఒడ్డున సాల్మి అనే చిన్న పల్లె ఉంది. కుటుంబం పేరు ఆ పల్లె నుంచి వచ్చిందే. తండ్రి వైపువాళ్ళు సామీలు. స్కాండినేవియా ఉత్తరాన తరతరాలుగా రెయిన్‌డీర్‌లని మేపుకుంటూ బతికిన ఆదివాసీ జనం వాళ్ళు.

బోర్యేకి ఐదేళ్ళప్పుడు తండ్రి గని ప్రమాదంలో చనిపోయాడు. తల్లి పిల్లల్ని పెంచింది. అన్న స్టిగ్ కూడా హాకీ ఆడేవాడు, అతనూ డిఫెన్స్‌మనే. తమ్ముడు అన్న వెనకే నడిచాడు. ముందు ఊళ్ళో కిరునా జట్టు, తరవాత 1970లో యావ్లే నగరంలోని బ్రీనెస్ క్లబ్. అప్పట్లో బ్రీనెస్ అంటే స్వీడన్‌లో తిరుగులేని జట్టు. సాల్మింగ్ ఉండగా 1971లోనూ 1972లోనూ దేశ చాంపియన్ అయింది. జాతీయ జట్టుతో 1972 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం, 1973లో మాస్కోలో రజతం అందుకున్నాడు.

టొరంటో వాళ్ళ కంట్లో ఎలా పడ్డాడు?

ఇది నిజంగా అనుకోకుండా జరిగింది. 1972 క్రిస్మస్ రోజుల్లో మేపుల్ లీఫ్స్‌కి కొత్త ఆటగాళ్ళని వెతికిపెట్టే స్కౌట్ జెర్రీ మెక్‌నమారా స్వీడన్ వెళ్ళాడు. వెళ్ళింది కర్ట్ లార్సన్ అనే గోలీని చూడటానికి. తీరా వెళ్తే ఆ గోలీకి గాయం. వచ్చినవాడు ఊరికే తిరిగి వెళ్ళడమెందుకని, కెనడా నుంచి పర్యటనకి వచ్చిన బ్యారీ ఫ్లయర్స్ జట్టుతో బ్రీనెస్ ఆడుతున్న మ్యాచ్‌కి వెళ్ళాడు. కెనడా వాళ్ళు మోటుగా ఆడుతున్నారు. ఇంగె హమ్మర్‌స్ట్రోమ్ అనే ఫార్వర్డ్ అదేమీ పట్టించుకోకుండా వాళ్ళ మధ్య నుంచి దూసుకుపోతూ గోల్స్ మీద గోల్స్ కొడుతున్నాడు. సాల్మింగ్ అయితే దెబ్బకి దెబ్బ తిరిగి ఇస్తున్నాడు, ఒక దశలో గొడవ ముదిరి రిఫరీ అతన్ని బయటికి పంపేశాడు.

ఇంకొకరైతే అది చూసి పెదవి విరిచేవాళ్ళు. మెక్‌నమారా మాత్రం నేరుగా డ్రెస్సింగ్ రూముకి వెళ్ళి, బయటికొచ్చేసి కూర్చున్న సాల్మింగ్‌కి తన విజిటింగ్ కార్డు ఇచ్చి, టొరంటోకి ఆడతావా అని అడిగాడు. తనకి కావాల్సినది ఆ పొగరులోనే ఉందని అతనికి అర్థమైంది.

సమయం కూడా కలిసొచ్చింది. 1972లో డబ్ల్యూహెచ్‌ఏ అనే పోటీ లీగ్ మొదలై ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళని ఎక్కువ డబ్బిచ్చి లాగేసుకుంటోంది. టొరంటో బాగా దెబ్బతిన్న జట్లలో ఒకటి. అదే ఏడాది సెప్టెంబర్‌లో కెనడా, సోవియట్ జట్ల మధ్య ఎనిమిది మ్యాచ్‌ల సిరీస్ జరిగింది. కెనడా చివరి నిమిషంలో గట్టెక్కింది. యూరప్‌లో ఆట ఈ స్థాయిలో ఉందా అని కెనడా అంతా ఆశ్చర్యపోయిన రోజులవి. ఈ రెండూ లేకపోతే స్వీడన్‌కి స్కౌట్‌ని పంపాలన్న ఆలోచన అంత త్వరగా వచ్చేది కాదు.

మొదటి రోజుల్లో అతన్ని అంతలా ఎందుకు వేధించారు?

పరాయివాడు కాబట్టి. దీన్ని వేరే ఏ పేరుతోనూ మెత్తగా చెప్పలేం.

1973 అక్టోబర్ 10న టొరంటోలో బఫెలో సేబర్స్ మీద మొదటి మ్యాచ్. టొరంటో 7-4తో గెలిచింది, కొత్తవాడు అదరగొట్టాడు. మర్నాడే ఫిలడెల్ఫియాలో రెండో మ్యాచ్. ఆ ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళ అరీనా ఉన్న వీధి పేరు మీద వాళ్ళని బ్రాడ్ స్ట్రీట్ బుల్లీస్ అనేవాళ్ళు. అవతలి జట్టుని భయపెట్టి గెలవడం వాళ్ళు బాహాటంగా నడిపిన పద్ధతి. ఆ పద్ధతిలోనే 1974, 1975లలో వరసగా రెండుసార్లు లీగ్ చాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ కూడా గెలిచారు. డేవ్ షుల్జ్ లాంటివాళ్ళు ఆ జట్టులో ఉన్నదే కొట్లాటకి.

వాళ్ళ దృష్టిలో స్వీడన్‌వాళ్ళంటే పిరికివాళ్ళు. "చికెన్ స్వీడ్" అన్న తిట్టు అప్పట్లో ప్రతి రింక్‌లో వినపడేది. ఫిలడెల్ఫియా ఒక్కటే కాదు, చాలా జట్లు అదే పని చేశాయి. స్టిక్‌తో కాళ్ళ మీద కొట్టడం, పక్కటెముకల్లో పొడవడం, పక్ ఎక్కడో ఉంటే వెనక నుంచి వచ్చి గుద్దడం. వాళ్ళ కోరిక చిన్నది: నాలుగు దెబ్బలు తగిలితే ఇంటికి టికెట్ కొనుక్కుంటాడు. అందులో ఒక భయం కూడా ఉంది. బయటి నుంచి ఒకడు నెగ్గితే రేపు పదిమంది వస్తారు, అప్పుడు కెనడా కుర్రాళ్ళ ఉద్యోగాలు పోతాయి.

సాల్మింగ్ వెళ్ళలేదు. కొట్లాటల్లో అతను దిట్ట కాదు, చాలాసార్లు దెబ్బలు తిన్నది అతనే. కానీ ఒక్కదానికీ వెనక్కి తగ్గలేదు. పైగా వేగంగా వస్తున్న పక్‌కి అడ్డంగా మంచు మీద పడిపోయి ఒంటితో ఆపేవాడు. అప్పటి పల్చటి ప్యాడ్లతో అలా పడటం అంటే ఎముకలు పందెం కాయడమే. పిరికివాడు అన్నవాళ్ళకి అతను నోటితో జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ మొదటి సీజన్‌లో 76 మ్యాచ్‌ల్లో 5 గోల్స్, 34 అసిస్ట్‌లు, మొత్తం 39 పాయింట్లు. కొత్త డిఫెన్స్‌మన్‌కి అది చాలా మంచి ఆరంభం.

అతనితో వచ్చిన హమ్మర్‌స్ట్రోమ్ ఏమయ్యాడు?

ఇంగె హమ్మర్‌స్ట్రోమ్ మెరుపు వేగం ఉన్న ఫార్వర్డ్. కొట్లాటకి దిగే స్వభావం కాదు. టొరంటో యజమాని హెరాల్డ్ బల్లార్డ్ అతని గురించి, జేబులో అరడజను కోడిగుడ్లు వేసుకుని రింక్ మూలకి వెళ్ళినా ఒక్కటీ పగలదని పత్రికల వాళ్ళ ముందే వెటకారం చేశాడు. సొంత యజమాని అలా మాట్లాడితే ఆ ఆటగాడి మనసు ఎలా ఉంటుంది? 1977లో అతన్ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చేశారు, 1979లో స్వీడన్ వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోలేదు. తరవాత రోజుల్లో అతను స్కౌట్ అయ్యాడు, అదీ ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌కే. 1991లో పీటర్ ఫోర్స్‌బెర్గ్ అనే స్వీడిష్ కుర్రాడిని ఆ జట్టు ఎంచుకుందంటే దాని వెనక హమ్మర్‌స్ట్రోమ్ చూపు ఉంది. స్వీడన్‌వాళ్ళని ఒకప్పుడు తరిమికొట్టాలని చూసిన జట్టే స్వీడన్ ఆటగాళ్ళ కోసం అతని సలహా తీసుకుంది. సాల్మింగ్ పేరు చెప్పినప్పుడు ఇతని పేరు వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

1976 ఏప్రిల్‌లో ఏం జరిగింది? అందరూ ఆ సిరీస్ గురించే ఎందుకు చెబుతారు?

ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్ కోసం జరిగే పోటీలు) క్వార్టర్ ఫైనల్, టొరంటో, ఫిలడెల్ఫియా మధ్య ఏడు మ్యాచ్‌ల సిరీస్. ఏప్రిల్ 15న టొరంటోలో మూడో మ్యాచ్. ఫ్లయర్స్ ఆటగాడు మెల్ బ్రిడ్జ్‌మన్ సాల్మింగ్ మీద పడి పిడిగుద్దులు కురిపించాడు. సాల్మింగ్‌కి కాచుకునే అవకాశం కూడా పెద్దగా దొరకలేదు. ఆ రాత్రి మ్యాచ్ అంతా ఎంత ఘోరంగా నడిచిందంటే, ఒంటారియో అటార్నీ జనరల్ రాయ్ మెక్‌మర్ట్రీ ఫ్లయర్స్ ఆటగాళ్ళ మీద క్రిమినల్ కేసులు పెట్టించాడు. వాటిలో సాల్మింగ్‌ని కొట్టినందుకు బ్రిడ్జ్‌మన్ మీద పెట్టిన దాడి కేసు ఒకటి. హాకీ రింక్‌లో కొట్లాట పోలీసుల దాకా వెళ్ళడం అప్పట్లో పెద్ద సంచలనం.

రెండు రోజుల తరవాత, 17న, అదే రింక్‌లో నాలుగో మ్యాచ్. ముఖం మీద దెబ్బలు ఇంకా మానలేదు. అలాంటి మనిషి మళ్ళీ స్కేట్లు కట్టుకుని వచ్చాడు. ఆట మధ్యలో పక్ అందుకుని, ఫ్లయర్స్ డిఫెన్స్‌ని దాటుకుంటూ వెళ్ళి, ఆ కాలంలో అతి గొప్ప గోలీల్లో ఒకడైన బెర్నీ పారెంట్ మీదుగా పక్‌ని పైకి లేపి నెట్‌లోకి కొట్టాడు. టొరంటో జట్టు సొంత రింక్ ఉన్న మేపుల్ లీఫ్ గార్డెన్స్ మొత్తం లేచి నిలబడింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

టొరంటో ఆ మ్యాచ్ గెలిచింది, సిరీస్ మాత్రం 4-3తో ఓడింది. అయినా నేను ఎవరికైనా సాల్మింగ్ గురించి చెప్పాల్సి వస్తే ముందు ఈ గోల్ గురించే చెబుతాను. కొట్టినవాళ్ళని తిరిగి కొట్టి ఉంటే ఇంకో కొట్లాటగా మిగిలిపోయేది. వాళ్ళ మీదే అంత అందమైన గోల్ కొట్టడం వల్ల అతను వచ్చిన పనేమిటో ఊరందరికీ తెలిసింది.

కెనడా కప్‌లో సొంత జట్టుకి కాకుండా స్వీడన్‌కి ఆడితే టొరంటో జనం లేచి చప్పట్లు కొట్టారట, నిజమేనా?

నిజమే. 1976 సెప్టెంబర్‌లో మొదటి కెనడా కప్ జరిగింది. ఆరు దేశాల టోర్నమెంట్. స్వీడన్ జట్టు టొరంటోలో ఆడటానికి వచ్చింది. మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతారు కదా. పసుపు రంగు స్వీడన్ జెర్సీలో నిలబడిన సాల్మింగ్ పేరు చదవగానే గార్డెన్స్‌లో జనమంతా లేచి నిలబడ్డారు. ఆ చప్పట్లు అలా సాగుతూనే ఉన్నాయి. అతనికి ఏం చేయాలో తోచలేదు.

మూడేళ్ళ క్రితం ఇదే లీగ్‌లో అతన్ని పిరికివాడని ఎగతాళి చేశారు. ఇప్పుడు వేరే దేశం జెండా కింద ఆడుతుంటే కెనడా జనం నెత్తిన పెట్టుకున్నారు. ట్రోఫీలన్నిటికంటే ఇది విలువైనదని నాకనిపిస్తుంది. అతను కూడా తరవాత ఆ రాత్రిని ఎన్నోసార్లు తలుచుకున్నాడు.

ఆట పరంగా అతను ఎంత గొప్పవాడు? అంకెలు చెప్పండి.

టొరంటోకి 1,099 మ్యాచ్‌లు, 148 గోల్స్, 620 అసిస్ట్‌లు, 768 పాయింట్లు. డెట్రాయిట్ సీజన్ కూడా కలిపితే 1,148 మ్యాచ్‌లు, 150 గోల్స్, 637 అసిస్ట్‌లు, 787 పాయింట్లు. మేపుల్ లీఫ్స్ చరిత్రలో ఇన్ని అసిస్ట్‌లు ఇంకెవరికీ లేవు. గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌లందరినీ దాటి ఒక డిఫెన్స్‌మన్ పేరిట ఆ రికార్డు ఉండటం గమనించండి.

అన్నిట్లోకీ గొప్ప సీజన్ 1976-77. 76 మ్యాచ్‌ల్లో 12 గోల్స్, 66 అసిస్ట్‌లు. ఆ ఏడు, సీజన్‌లో మేటి ఆటగాళ్ళతో ప్రకటించే లీగ్ మొదటి ఆల్‌స్టార్ జట్టులో చోటు దక్కింది. యూరప్ ఆటగాడికి అది దక్కడం అదే మొదలు. దానికి ముందు రెండేళ్ళు, తరవాత మూడేళ్ళు రెండో ఆల్‌స్టార్ జట్టులో ఉన్నాడు. అంటే వరసగా ఆరేళ్ళపాటు లీగ్‌లో మొదటి నలుగురు డిఫెన్స్‌మెన్‌లో ఒకడన్నమాట. అత్యుత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీకి 1977, 1980లలో రెండో స్థానంలో నిలిచాడు. రెండుసార్లూ మాంట్రియాల్ ఆటగాడు లారీ రాబిన్‌సన్ గెలిచాడు. 1988 జనవరి 4న 1,000 మ్యాచ్‌లు పూర్తి చేశాడు. యూరప్‌లో తయారైన ఆటగాళ్ళలో ఈ మైలురాయి చేరినవాడు అంతకుముందు ఎవరూ లేరు.

అంత గొప్పవాడైతే స్టాన్లీ కప్ ఎందుకు గెలవలేదు?

జట్టు వల్ల. ఇంకా చెప్పాలంటే జట్టుని నడిపిన తీరు వల్ల.

1970ల చివర్లో టొరంటో నిజంగా మంచి జట్టు. డారిల్ సిట్లర్, లానీ మెక్‌డొనాల్డ్, డిఫెన్స్‌లో సాల్మింగ్ పక్కన ఇయాన్ టర్న్‌బుల్, గోల్‌లో మైక్ పాల్మటీర్. 1978లో న్యూయార్క్ ఐలాండర్స్‌ని ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఓడించి సెమీస్‌కి చేరింది. ఆ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో స్టిక్ కంటికి తగిలి సాల్మింగ్ మిగతా మ్యాచ్‌లకి దూరమయ్యాడు. సెమీస్‌లో మాంట్రియాల్ చేతిలో టొరంటో చిత్తుగా ఓడింది.

ఆ జట్టుని కాపాడుకుని ఉంటే కథ వేరుగా ఉండేది. యజమాని బల్లార్డ్ 1979లో పంచ్ ఇమ్లాక్‌ని జనరల్ మేనేజర్‌గా మళ్ళీ తెచ్చాడు. ఇమ్లాక్‌కీ కెప్టెన్ సిట్లర్‌కీ పడలేదు. సిట్లర్ ప్రాణస్నేహితుడు మెక్‌డొనాల్డ్‌ని 1979 డిసెంబర్‌లో కొలరాడోకి పంపేశారు. కోపంతో సిట్లర్ తన జెర్సీ మీద కెప్టెన్ గుర్తు తీసేశాడు. తరవాత టైగర్ విలియమ్స్, పాల్మటీర్, టర్న్‌బుల్, చివరికి 1982 జనవరిలో సిట్లర్, ఇలా ఒక్కొక్కరే పోయారు. 1980లు మొత్తం టొరంటో అడుగున ఉండే జట్టు. సాల్మింగ్ ఒక్కడే మిగిలాడు. ఓడిపోయే జట్టుకి, ఖాళీ లేని క్యాలెండర్‌లో, ఏటా అదే పట్టుదలతో ఆడటం చప్పట్ల మధ్య ఆడటం కంటే కష్టం. కప్ లేదని అతన్ని తక్కువ చేసేవాళ్ళు ఆ పదేళ్ళు చూడాలి.

ముఖం మీద 200కి పైగా కుట్లు పడ్డాయంటారు. ఎలా జరిగింది?

1986 నవంబర్ 26న డెట్రాయిట్‌తో మ్యాచ్. గోల్ ముందు తోపులాటలో సాల్మింగ్ కింద పడ్డాడు. పైన పడబోయిన డెట్రాయిట్ ఆటగాడు జెరార్డ్ గాలంట్ స్కేట్ బ్లేడు అతని ముఖం మీదుగా దిగింది. కంటి పైన మొదలై ముక్కు పక్క నుంచి నోటి దాకా కోసుకుపోయింది. పొరపాటున జరిగిందే, ఎవరూ కావాలని చేసింది కాదు. డాక్టర్లు 200కి పైగా కుట్లు వేశారు. ముఖం నిండా కుట్లతో ఉన్న ఆ ఫోటో తరవాత ప్రపంచమంతా తిరిగింది. కన్ను పోకుండా బయటపడటం అదృష్టం. ఆ ఫోటో చిన్నపిల్లలకి చూపించకపోవడమే మంచిది.

కొకైన్ విషయంలో నిషేధం పడిందన్నది నిజమా?

నిజం. 1986లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో, గతంలో కొకైన్ వాడి చూశానని తనే చెప్పాడు. లీగ్ అతన్ని ఎనిమిది మ్యాచ్‌లకి దూరంగా పెట్టింది. తప్పు తప్పే. ఎవరూ పట్టుకోకుండానే తనంతట తను ఒప్పుకున్నాడన్నది కూడా దాంతో పాటు చెప్పాలి. శిక్ష అనుభవించి తిరిగొచ్చాడు. టొరంటో అభిమానులు దూరం కాలేదు.

టొరంటో వదిలాక ఏం చేశాడు?

1989-90 డెట్రాయిట్‌తో, తరవాత స్వీడన్ తిరిగి వెళ్ళి స్టాక్‌హోమ్‌లోని ఏఐకే క్లబ్‌కి 1993 దాకా ఆడాడు. 1992 ఆల్బర్ట్‌విల్ శీతాకాల ఒలింపిక్స్‌లో 40 ఏళ్ళ వయసులో స్వీడన్ జెర్సీ వేసుకున్నాడు. ఆట మానేశాక తన పేరుతో క్రీడా సామగ్రి, లోదుస్తుల వ్యాపారం నడిపాడు. స్క్వాష్, హ్యాండ్‌బాల్ ఆడేవాళ్ళకి సాల్మింగ్ బూట్లు తెలిసే ఉంటాయి. ఆ పేరు ఇతనిదే.

ఏ ఏ గౌరవాలు దక్కాయి?

1996లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, స్వీడన్ నుంచి అతనే మొదటివాడు. 2008లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య వందేళ్ళ సందర్భంగా ఆరుగురితో ఒక శతాబ్ది జట్టుని ఎంపిక చేసింది. గోలీగా త్రెత్యాక్, డిఫెన్స్‌లో ఫెతిసోవ్, సాల్మింగ్, ముందు ఖర్లామోవ్, మకారోవ్, గ్రెట్జ్‌కీ. అందులో నలుగురు సోవియట్ వాళ్ళు, ఒక కెనడియన్, ఒక స్వీడన్ వాడు. అది ఎంత పెద్ద మాటో హాకీ తెలిసినవాళ్ళని అడగండి. 2016లో మేపుల్ లీఫ్స్ అతని 21వ నంబరుకి శాశ్వతంగా విశ్రాంతినిచ్చింది, ఆ జట్టులో ఇక ఎవరూ ఆ నంబరు వేసుకోరు.

చివరి రోజుల గురించి చెప్పండి.

2022 ఆగస్టులో తనకి ఏఎల్‌ఎస్ వ్యాధి ఉందని మేపుల్ లీఫ్స్ ద్వారా ప్రకటించాడు. నరాలు క్రమంగా దెబ్బతిని కండరాలు పనిచేయడం మానేసే జబ్బు అది, నయం చేసే మందు లేదు. అతని విషయంలో చాలా వేగంగా ముదిరింది. కొద్ది నెలల్లోనే మాట పోయింది.

అయినా నవంబర్‌లో కుటుంబంతో కలిసి అట్లాంటిక్ దాటి టొరంటో వచ్చాడు. 11వ తేదీన, మళ్ళీ 12వ తేదీన అతన్ని మంచు మీదకి తీసుకొచ్చారు. పక్కన పాత సహచరుడు డారిల్ సిట్లర్ నిలబడ్డాడు. జనానికి చెయ్యి ఊపడానికి సాల్మింగ్ చెయ్యి లేవకపోతే సిట్లర్ ఆ చెయ్యి పట్టుకుని పైకి ఎత్తాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. 12న వాంకూవర్‌తో మ్యాచ్‌కి కోచ్ షెల్డన్ కీఫ్ టొరంటో తరఫున మొదట దిగిన ఆరుగురినీ స్వీడన్ వాళ్ళనే పెట్టాడు: నీలాండర్, యార్న్‌క్రోక్, ఎంగ్వాల్, సాండిన్, లిల్యెగ్రెన్, గోల్‌లో షాల్‌గ్రెన్. 1973లో ఇద్దరు స్వీడన్‌వాళ్ళని తెస్తేనే నవ్విన లీగ్‌లో, అదే జట్టులో, ఆరుకి ఆరుగురు స్వీడన్ కుర్రాళ్ళు అతని కళ్ళ ముందు నిలబడ్డారు.

ఆ తరవాత రెండు వారాలైనా తిరగకుండా, నవంబర్ 24న చనిపోయాడు.

అతను లేకపోయినా యూరప్ ఆటగాళ్ళు ఎలాగూ వచ్చేవాళ్ళే కదా?

వచ్చేవాళ్ళే, నేనూ కాదనను. 1974లోనే ఆండర్స్ హెడ్‌బెర్గ్, ఉల్ఫ్ నిల్సన్ పోటీ లీగ్‌లో విన్నిపెగ్ జెట్స్‌కి వచ్చి దుమ్ము రేపారు. డబ్బు, పోటీ, ఆటగాళ్ళ కొరత కలిసి ఆ తలుపు తెరిచేవే. కానీ డిఫెన్స్‌మన్ సంగతి వేరు. ఫార్వర్డ్ వేగంతో తప్పించుకుని బతకగలడు. డిఫెన్స్‌మన్ నిలబడి దెబ్బ కాచుకోవాలి. యూరప్ వాళ్ళు ఆ పని చేయలేరన్న నమ్మకాన్ని పగలగొట్టింది సాల్మింగే. తరవాత ఏడుసార్లు నోరిస్ ట్రోఫీ గెలిచిన నిక్లాస్ లీడ్‌స్ట్రోమ్ స్వీడన్ డిఫెన్స్‌మనే. 1989లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, అందరికంటే ముందు ఎంపికైన మొదటి యూరప్ ఆటగాడు మాట్స్ సుండిన్ తరవాత టొరంటో కెప్టెన్ అయ్యాడు. ఈరోజు లీగ్‌లో నాలుగో వంతుకి పైగా యూరప్ వాళ్ళే, ఎవరూ దాన్ని వింతగా చూడరు.

టొరంటోలో ఉంటున్నాం. అతని గుర్తులు ఎక్కడ చూడొచ్చు?

మూడు చోట్లున్నాయి. యూనియన్ స్టేషన్ పక్కన స్కోషియాబ్యాంక్ అరీనా బయట లెజెండ్స్ రో అని మేపుల్ లీఫ్స్ దిగ్గజాల కంచు విగ్రహాలు ఉన్నాయి. టికెట్ అక్కర్లేదు, పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ సాల్మింగ్‌ని చూపించండి. అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్, దానికి మాత్రం టికెట్ ఉంటుంది.

మూడోది చాలామందికి తెలియదు. అతను ఆడిన పాత మేపుల్ లీఫ్ గార్డెన్స్ కార్ల్‌టన్, చర్చ్ వీధుల మూల మీద ఇంకా ఉంది, కాలేజ్ సబ్‌వే స్టేషన్‌లో దిగితే దగ్గరే. పై అంతస్తులో యూనివర్సిటీ రింక్ ఉంది. కింద పెద్ద సూపర్ మార్కెట్. మన విద్యార్థులు చాలామంది బియ్యం, పాలు కొనుక్కునేది అక్కడే. ఆ షాపులో సరుకుల వరసల మధ్య నేల మీద ఒక ఎర్రటి గుండ్రటి గుర్తు ఉంటుంది. పాత రింక్ నడిమధ్య చోటు అదే. ఈసారి వెళ్ళినప్పుడు వెతకండి, కనపడకపోతే షాపులో పనిచేసేవాళ్ళని అడగండి.